కౌంటీ కౌన్సిల్లో సున్నుండలు

ఒంటారియోలోని ఈ మిల్టన్‌లో మా ఇంటి వెనకున్న ఖాళీ స్థలంలో మొన్న ఒక తెల్ల బోర్డు పాతారు. అక్కడ ఆరంతస్తుల భవనం కట్టడానికి అనుమతి అడుగుతున్నారనీ, అభ్యంతరాలుంటే ఈమెయిల్ చేయవచ్చనీ దాని మీద రాసి ఉంది. సాయంత్రం వాకింగ్‌కి వచ్చే మనవాళ్ళంతా దాని ముందు కాసేపు నిలబడి, ఎండ పోతుందనీ, పార్కింగ్‌కి చోటుండదనీ వాపోయి ఎవరిళ్ళకు వాళ్ళు పోతున్నారు. నిన్న ఒకతను నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఆంటీ, టౌన్ ఆఫీసులో మీకెవరన్నా తెలుసా?" అని అడిగాడు. నవ్వొచ్చింది. వెంటనే మా మావయ్యగారు గుర్తొచ్చి ఆ నవ్వు కాస్తా సగంలోనే ఆగిపోయింది.

ఇక్కడికి రాకముందు మేము నోవా స్కోషియాలో, హాలిఫాక్స్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే ఒక పల్లెటూరి కౌంటీలో ఉండేవాళ్ళం. మా వారికి అక్కడి కాగితం మిల్లులో ఉద్యోగం. అక్కడి ప్రభుత్వం మొదట్లో నాకు ఓ పట్టాన అర్థమయ్యేది కాదు. ఇంటి ముందు రోడ్డు ప్రావిన్స్‌ది, అంటే రాష్ట్రానిది, ఆ రోడ్డు పక్కన పెట్టిన చెత్త కౌంటీది, ఇల్లంటుకుంటే ఆర్పడానికి వచ్చేవాళ్ళు ఎవరయ్యా అంటే జీతం బత్తెం లేని పక్కింటి ప్లంబరూ, పై వీధి టీచరూ. రోడ్డు మీద గుంత పడిందని కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఆ గుంత మాది కాదమ్మా అని చెప్పి, అది ఎవరిదో వాళ్ళ నంబరు కూడా ఫోనెత్తినావిడే ఇచ్చేది. ఇక మా వార్డు కౌన్సిలరంటే కారూ, వెనక నలుగురు మనుషులూ ఉంటారనుకున్నాను గాని, ఆయన హార్డ్‌వేర్ షాపు నడుపుకునే మనిషి, మేకులు తూచి ఇస్తూనే మన ఫిర్యాదు వినేవాడు. విని, అది తన చేతిలో పనైతే చేస్తాననీ, కాకపోతే కాదనీ అక్కడే చెప్పేసేవాడు.

అలా ఉండగా మిల్లు మూతపడింది. మా వారు ఒంటారియోలో ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఆ ఊరు వదలడానికి మనసొప్పలేదు. గ్యారేజీని వంటశాలగా మార్చి, దగ్గరి టౌన్‌లోని ఆసుపత్రి వాళ్ళకీ, కాలేజీ వాళ్ళకీ మధ్యాహ్నం భోజనాలు పంపితే ఇల్లు గడుస్తుందని నా లెక్క. అయితే మా వీధి ఇళ్ళకే గాని వ్యాపారానికి కాదు, కాబట్టి జోనింగ్ మార్చమని కౌంటీకి దరఖాస్తు పెట్టుకున్నాను. అందరి ముందూ విచారణ జరిపి, కౌన్సిలర్లు చేతులెత్తి తేలుస్తారు. వాళ్ళు ఒప్పుకుంటే ఉంటాం, లేదంటే ఇల్లమ్ముకుని పోతాం.

అప్పుడు మా మావయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. గోదావరి జిల్లాలో మండలాఫీసులో గుమస్తాగా చేరి అక్కడే రిటైరైన మనిషి. విచారణ రోజున చెప్పుకుంటే చాలట అని నేనంటే ఆయన నన్ను జాలిగా చూశారు. "ఫైలుకి కాళ్ళుండవమ్మా, మనవే నడిపించాలి. ఆ కౌన్సిలరుగారిని ఓసారి ఇంటికెళ్ళి చూసొస్తే పోయేదేవుంది? ఒట్టి చేతుల్తో వెళ్తావా ఏంటి మరి?" అన్నారు. ఒట్టి చేతులతో ఒకరింటికి వెళ్ళకూడదన్నది నాకూ ఉగ్గుపాలతో వచ్చిందే కదా, మినప్పప్పు వేయించి, పిండి పట్టి, బెల్లం కలిపి, నెయ్యి ధారాళంగా పోసి సున్నుండలు చుట్టి స్టీలు డబ్బాలో సర్దాను.

ఆదివారం పొద్దున వెళ్ళాం. కౌన్సిలరు వరండాలోకి ఎదురొచ్చి, మావయ్యగారికి కుర్చీ వేసి, చలికి ఎలా తట్టుకుంటున్నారని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. మావయ్యగారు డబ్బా చేతికిచ్చి వంటశాల సంగతి ఎత్తబోయేసరికి మాత్రం రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. ఈ విషయం కౌన్సిల్ ముందుంది, తేలేదాకా మీ నుంచి ఏమీ పుచ్చుకోకూడదు, చెప్పదలచుకున్నది విచారణలోనే చెప్పండి అన్నాడు. మా వారు అది తెలుగులో చెబితే మావయ్యగారు చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. మన దగ్గర మొదటిసారి వద్దనడం వాళ్ళ మర్యాద, రెండోసారి బలవంతం చేయడం మన మర్యాద. అందుకే వచ్చేటప్పుడు ఎవరూ చూడకుండా ఆ డబ్బాని వరండాలో కుర్చీ మీద పెట్టేసి కారెక్కారు. ఆ సంగతి సగం దారిలో మాకు గర్వంగా చెప్పారు.

విచారణ నాడు హాల్లోకి అడుగు పెట్టగానే మొదట కంటబడింది అదే. క్లర్కు బల్ల మీద, కాగితాల పక్కన, మా స్టీలు డబ్బా. మా వంతు రాగానే కౌన్సిలరు లేచి నిలబడి, వీళ్ళు మంచి మనుషులు, ఇది వీళ్ళ ఆచారమై ఉంటుంది, నేను మూత కూడా తీయలేదు, అయినా ఇది నా గడపలోకి వచ్చాక ఈ విషయం మీద నేను ఓటు వేయడం సబబు కాదు అని చెప్పి, కోటు తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తరవాత నేను వణుకుతున్న గొంతుతో నాలుగు మాటలు చెప్పాను. నాకు మద్దతుగా ఇద్దరు ముగ్గురు మాట్లాడారు. మా ఎదురింటావిడ లేచి, నేనంటే తనకిష్టమేననీ, నా చేతి వంట ఇంకా ఇష్టమనీ, కానీ మంచు కాలంలో ఆ ఇరుకు సందులో వ్యాన్లు తిరిగితే కుదరదనీ నా మొహం చూసే చెప్పింది. చేతులెత్తమంటే అటూ ఇటూ సమానంగా లేచాయి. సమానమైతే వీగిపోయినట్టేనని పైన కూర్చున్న వార్డెన్, అంటే కౌన్సిల్ అధ్యక్షుడు, నాకు అర్థమయ్యేలా నిదానంగా వివరించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మావయ్యగారి మీద కాదు, ఆ కౌన్సిలరు మీద. పిడికెడు మినపపిండికీ బెల్లానికీ ఇంత రాద్ధాంతమా అనిపించింది. మావయ్యగారు ఇంటికొచ్చాక భోజనం వద్దన్నారు.

మా వారికి ఇక్కడ ఉద్యోగం దొరికింది, ఇల్లమ్మాం. సామాను ట్రక్కుకి ఎక్కిస్తున్న రోజు ఆ కౌన్సిలరు పిలవకుండానే వచ్చి, మా వారితో కలిసి ఫ్రీజరు మోశాడు. అంతా అయ్యాక మావయ్యగారు కొడుకుని మధ్యన పెట్టుకుని అడిగారు, ఆ రోజు ఆయన లోపలుంటే ఎటు వేసేవాడని. ఆయన తడుముకోకుండా అనుకూలంగానే వేసేవాణ్ణన్నాడు. మావయ్యగారు ఆయన చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరవాత కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళకి ఒక నిఖార్సైన మనిషి కనబడ్డాడమ్మా, ఆ ఒక్కడూ మన కొంపే ముంచాడు" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక అందరం నవ్వేశాం.

మావయ్యగారు ఇప్పుడు లేరు. ఇక్కడ మా కౌన్సిలరుని ఎన్నికలప్పుడు గేటుకి తగిలించిన కాగితం మీద తప్ప నేను చూడలేదు. కౌన్సిల్ మీటింగులు లాప్‌టాప్‌లో వస్తాయట, "యూ కెన్ వాచ్ ఇట్ లేటర్, అమ్మా" అంటుంది మా అమ్మాయి. ఆ మధ్య బేస్‌మెంట్ అద్దెకివ్వడానికి పర్మిట్ అప్లై చేస్తే, ఎవరినీ కలవకుండా, ఎవరి ముందూ గొంతు వణక్కుండా ఈమెయిల్‌లో వచ్చేసింది. పని సులువైంది, కాదనను. కానీ ఆ కౌంటీలో నాకు వద్దని చేయెత్తిన వాళ్ళ మొహాలన్నీ ఇవాళ్టికీ నాకు గుర్తే. ఎదురింటావిడ క్రిస్మస్‌కి కార్డు కూడా పంపుతుంది. ఇక్కడ నాకు సరేనన్నది ఎవరో మాత్రం ఇంతవరకూ తెలియదు.