ఆగల్ల అన్న బకెట్టు

ట్రాక్టరు వెనక చక్రాలు రెండూ గాల్లో తిరుగుతుండగా, దాని సీటు మీద కూర్చుని, కింద నిలబడ్డ నాయనతో "ఏం కాలేదు, అంతా బాగనే ఉండాది" అని చెప్పిన మనిషిని నేను. ఆ ఎత్తు నుంచి మా ఊరు చాలా అందంగా కనిపించింది. ఈ ఘనకార్యం మొత్తం ఒకే ఒక్క మాట వల్ల జరిగింది. ఆ మాట అర్థం కర్ణాటక సరిహద్దుకు అటుపక్క వాళ్ళందరికీ తెలుసు, ఇటుపక్క కూడా సగంమందికి తెలుసు. నేను మిగతా సగంలో ఉన్నాను.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. నేల వట్టి గరుసు. ఎంత నీళ్ళు పెట్టినా మర్నాటికి నాకేం తెలియదన్నట్టు మొహం పెడుతుంది. చెరువు మట్టి తోలితే తప్ప ఈ చెట్లు ఇంకో ఎండాకాలం చూడవని నాయన ఏడాదిగా అంటున్నాడు. చెరువు ఎండిపోయింది కాబట్టి ఊళ్ళో వంతులు వేసుకుని మట్టి తోలుకుంటున్నారు. మా వంతు ఈ సంగతి జరిగిన మర్నాటి నుంచి రెండు రోజులు. అది తప్పితే మళ్ళీ చెరువు ఎండేదాకా చూడాలి. మా దగ్గర చెరువు ఎండడం పెద్ద వింత కాదు గానీ, అప్పటికి చెట్లు ఉండాలి కదా.

మా చిన్న ట్రాక్టరుకు ముందువైపు లోడరు ఉంది. అంటే రెండు ఇనుప చేతులు, వాటి చివర మట్టి ఎత్తే బకెట్టు. ఆ బకెట్టు అడుగు తుప్పుపట్టి, ఎత్తిన మట్టిని ఎత్తిన చోటే జల్లించి పోసేది. వేరేది తేవాలి. చూసుకోవలసినవి రెండే. బకెట్టు వెనకుండే రెండు చెవులు లోడరు చేతులకు సరిగ్గా అందాలి. బరువు మన బండి మోయగలిగేంత ఉండాలి.

"నేను పోయి తెస్తా నాయనా," అన్నాను.

"నీకేం తెలుసురా?"

"బండి ఫొటో ఫోన్లో ఉండాది. ఆ పక్కోళ్ళతో మాట్లాడేకి నాకు కన్నడ వస్తాది."

నాయన పాత బకెట్టు చెవుల మధ్య దూరాన్ని పురికొసతో కొలిచి, రెండు వైపులా ముడి వేసి నా జేబులో పెట్టాడు. నా కన్నడ మీద ఆయనకున్న నమ్మకం ఆ పురికొస పొడవే.

కన్నడ వస్తుందన్నాను గదా, ఎంతో చెప్పాలి. అన్నం తిన్నావా అనే "ఊట ఆయ్తా" వచ్చు. "బేకు, బేడ" వచ్చు, అంటే కావాలి, వద్దు. మాట చివర "ల్ల" వినబడితే కాదు, లేదు అని అర్థం. నా దగ్గరున్న వ్యాకరణం ఇంతే. దీంతో నేను ఇనుము కొనడానికి బయలుదేరాను.

లగేజీ ఆటో ఓబులేసన్నను తీసుకుని తెల్లవారగానే గుమ్మఘట్ట దాటి, సరిహద్దు అవతల ఒక పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయాం. ఓబులేసన్న ఆటోలోనే కునుకు తీశాడు. కొట్టు పెద్దాయన నా మొహం చూడగానే విషయం గ్రహించి, "తెలుగు బరోరన్న కరీతీని, కూత్కొ," అన్నాడు. తెలుగు వచ్చినవాణ్ణి పిలుస్తాను, కూర్చో అని. ఆ రోజు నాకు సరిగ్గా అర్థమైన వాక్యం అదొక్కటే. దాన్నే కాదన్నాను.

"బేడ. ననగె కన్నడ బరుత్తె." వద్దు, నాకు కన్నడ వచ్చు అని.

పెద్దాయన నా ఫోన్లో బండి ఫొటో పెద్దది చేసి చూశాడు. లోపలికి తీసుకుపోయి ఒక చిన్న బకెట్టును చేత్తో తట్టి, "నిమ్ గాడిగె ఇదు ఆగుత్తె," అన్నాడు.

మీ బండికి ఇది ఆగుతుందట. నేను ఆశ్చర్యపోయాను. సొంత సరుకు మధ్యలో ఆగిపోతుందని కొనేవాడి మొహం మీదే చెప్పే వ్యాపారి ఈ కాలంలో ఎక్కడున్నాడు? ఆ నిజాయితీకి మనసులోనే నమస్కారం పెట్టి, పక్కకు చూశాను. అక్కడ ఇంకొకటి ఉంది. ఒక చిన్న కుటుంబం కాపురం పెట్టుకోవచ్చు, అంత బకెట్టు.

"అదు?" అన్నాను.

"అదు ఆగల్లప్ప."

ఆగ, ల్ల. చివర "ల్ల" ఉంది. అంటే ఆగదు.

"ఆగల్లా?"

"ఆగోదే ఇల్ల."

ఆగనే ఆగదు. నాకు ఒళ్ళు పులకరించింది.

"హంగాదరె అదే కొడి," అన్నాను. అలాగైతే అదే ఇవ్వండి అని.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫొటోలో ట్రాక్టరును చూపించి, బకెట్టును చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి ఇంకో రెండుసార్లు "ఆగల్ల" అన్నాడు. ఆయన గొంతు పెంచిన కొద్దీ నాకు ధైర్యం పెరిగింది. చివరికి ఆయన నిట్టూర్చి, చీటీ రాసి, కింద ఇంకో వరుస ప్రత్యేకంగా రాసి, నవ్వి చేతికిచ్చాడు. దయచేసి మళ్ళీ రండి అని రాసి ఉంటాడనుకుని భద్రంగా మడిచి పెట్టుకున్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నాయన బకెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. తిరగడానికి కొంచెం సమయం పట్టింది.

"ఏమిరా, దీన్ని ట్రాక్టరుకు పెట్టేకి తెచ్చినావా, ట్రాక్టరును దీంట్లో పెట్టేకి తెచ్చినావా?"

"గట్టి సరుకు నాయనా. ఆగనే ఆగదని చెప్పినాడు."

"నేనిచ్చిన పురికొస యాడ?"

"ఆటోలో బకెట్టు జారకుండా కట్టినా."

నాయన ఆ ముడులను చూశాడు. ఓబులేసన్న వైపు తిరిగి, "నువ్వు పోవాకు ఓబులేసూ, సంగటి ముద్ద తిని పోదువు," అన్నాడు.

వెల్డింగ్ మస్తానన్న వచ్చి కొలిచి చూశాడు. "చెవులకూ చేతులకూ జానెడు తేడా ఉండాదప్పా."

"మధ్యలో ముక్కలు పెట్టి అతికించన్నా."

"అతికిచ్చేది నా పని. లేపేది బండి పని. దాన్నడిగినావా?"

"పెద్దాయన నాలుగుసార్లు చెప్పినాడన్నా, ఆగేదే లేదని."

మస్తానన్న నన్ను వింతగా చూసి, ముక్కలు అతికించాడు. నేను సీటెక్కి, దిబ్బలో ఎరువు నిండా తీసి, లీవరు లాగాను. బకెట్టు లేవలేదు. దానికి బదులు నేను లేచాను. ట్రాక్టరు ముందుకు వంగింది, వెనక చక్రాలు నేల వదిలాయి. మిగతాది మొదట్లోనే మనవి చేశాను.

"బండి దండం పెడతాండాది," అన్నాడు నాయన, గొంతు ఏమాత్రం పెంచకుండా. "నువ్వూ పెట్టుకొని, మెల్లగ దించు."

దించాను. దిగాను. కాళ్ళు మాత్రం ఇంకా గాల్లోనే ఉన్నట్టున్నాయి.

"ఆ పెద్దాయన ఏమన్నాడు? ఆయన మాట ఆయన మాటగానే చెప్పు," అన్నాడు మస్తానన్న. ఆయన అమ్మగారి ఊరు సరిహద్దు అవతల. ఐదో తరగతి దాకా అక్కడే చదివాడు.

"చిన్నది ఆగుత్తె అన్నాడు. ఇది ఆగల్ల అన్నాడు."

మస్తానన్న నేల మీద కూర్చుండిపోయాడు. నవ్వు ఆగాక చెప్పాడు. "కన్నడంలో ఆగుత్తె అంటే సరిపోతాది అని అప్పా. ఆగల్ల అంటే పనికిరాదు అని. పాపం, నీకు నాలుగుసార్లు పనికిరాదని చెప్పినాడు, నువ్వు నాలుగుసార్లు సంతోషపడినావు."

నేను జేబులోంచి చీటీ తీసి ఇచ్చాను. పరువు ఎలాగూ పోయింది, మిగిలిందేమైనా ఉంటే అది కూడా పోనీ అని. మస్తానన్న కింది కన్నడ వరుస చదివి తెలుగులో చెప్పాడు.

"ఈ పిల్లోడు సాయంత్రానికి వాపసు వస్తాడు. చిన్న బకెట్టు ఎవరికీ అమ్మకుండా ఉంచుతా."

దయచేసి మళ్ళీ రండి అని రాశాడనుకున్నాను కదా. ఒక రకంగా నిజమే.

"మరి అతికించినవి ఎట్లన్నా?" అన్నాను.

"అతికిస్తే గదా. ఊడగొట్టేకి వీలుగ పైపైన రెండు టాకాలే ఏసినా." సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు, ముక్కలు ఊడి కింద పడ్డాయి. ఆటో కోసం వెతకబోతే, ఓబులేసన్న మా వసారాలో రెండో ముద్ద తింటున్నాడు. నాయన ఆయన్ని ఎందుకు పోనివ్వలేదో నాకు అప్పుడు వెలిగింది. నేను చేయబోయే తప్పుకు ముగ్గురు పెద్దమనుషులు, ఒకరికొకరు చెప్పుకోకుండానే, ముందుగా చోటు చేసి పెట్టారు. ఇంత మంచి ఏర్పాట్ల మధ్య తప్పు చేసే అదృష్టం అందరికీ పట్టదు.

పొద్దు వాలకముందే కొట్టుకు చేరాం. చిన్న బకెట్టు అప్పటికే గేటు దగ్గరుంది, చెవులకు గ్రీజు కూడా పూసి. పక్కన తెలుగు వచ్చిన మనిషిని నిలబెట్టుకుని పెద్దాయన ఎదురుచూస్తున్నాడు. పురికొస పట్టి చూశాను. ముడికి ముడి సరిపోయింది.

"ఆగుత్తె," అన్నాడు పెద్దాయన.

"ఆగుత్తె," అన్నాను నేనూ, చేతులు జోడించి. ఈసారి ఇద్దరం ఒకే భాషలో ఉన్నాం.

మర్నాడూ ఆ మర్నాడూ చెరువు మట్టి తోలాం. మూడెకరాల్లో చెట్టు చెట్టుకూ అందింది. నల్లటి మట్టి పాదుల్లో పడుతుంటే నాయన ఒక్కో చెట్టు దగ్గరా నిలబడి చూశాడు, చంటిబిడ్డకు బువ్వ పెడుతుంటే చూసినట్టు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే నేను తట్టుకునేవాణ్ణి. అనకపోవడమే ఇప్పటికీ గుర్తుంది.

అందుకే చెవులున్న ప్రతి బకెట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరైనా తెలుగు వచ్చినవాణ్ణి పిలుస్తానంటే బేడ అనను. కూర్చోమంటే కూర్చుంటాను. పురికొసతో కొలతే కొలుస్తాను, దేన్నీ కట్టను.

ఇక చివరగా ఒకటి. రెండో రోజు సాయంత్రం ఆఖరి ట్రిప్పు చెరువులోనే ఉండగా నాయన తోట నుంచి ఫోన్ చేశాడు.

"ఏమిరా, ఇంకా రాలేదు. బండి ఆగిందా?"

నేను బాగా ఆలోచించి అడిగాను.

"ఏ భాషలో నాయనా?"