గుడ్డ కింది వేళ్లు

ఆదోని స్టేషన్‌లో రైలు దిగగానే జిన్నింగు మిల్లుల వైపు నుంచి పత్తిగింజల జిడ్డు వాసన వచ్చి నన్ను పట్టుకుంది. దారంతా చదువుకుంటూ వచ్చిన ఒక ఆర్థికవేత్త పుస్తకం చేతిలో ఉంది. కొన్ని దేశాలు పేదగా ఉండిపోవడానికి ఎండా, నేలా, జనాల సోమరితనమూ కారణం కాదనీ, అక్కడి కట్టుబాట్లను ఎవరు, ఎవరి మేలు కోసం పెట్టారో చూడమనీ అంటాడాయన. చదువుతుంటే మా అవ్వా, ఒక ఎర్ర తువ్వాలూ గుర్తొచ్చి, పందొమ్మిది వందల యాభైల నాటి కోపం మళ్లీ వచ్చింది.

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ నల్లరేగడిలో ఉండేది. చలికాలం వచ్చిందంటే ఇల్లంతా పత్తే. మంచం కింద పత్తి, గాదె పక్కన పత్తి, జొన్నరొట్టె తుంచితే అందులోనూ ఒక పోగు. పిల్లలం ఆ కుప్పల మీద పొర్లి, తల నిండా దూదితో లేచి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని బేరాల ఆట ఆడేవాళ్లం. మార్కెట్లో పెద్దవాళ్లు చేసేదే అది: దళారీ, కొనే సేటూ గుడ్డ కింద చేతులు కలిపి, ఒకరి వేళ్లు ఒకరు నొక్కుతూ ధర తేల్చుకుంటారు, పండించినవాడు పక్కన నిలబడి వాళ్ల మొహాలు చూస్తుంటాడు. ఆటలో రైతుగా ఉండటానికి మాలో ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు.

ఒక ఏడు ఎమ్మిగనూరు జాతరలో బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తిని, ఎడ్ల సంత దుమ్ముకు ఎర్రబడిన కళ్లతో, చీర కొనడానికి అవ్వ వెంట నేతగాళ్ల సంఘానికి వెళ్లాను. మగ్గాల టకటకల మధ్య గోడకొక నల్లబల్ల. ఏ నేతకు ఎంత కూలో దాని మీద సుద్దముక్కతో రాసి ఉంటే అవ్వకు చదివి వినిపించాను.

“ఈళ్లే కూడబలుక్కోని రాసుకున్నారా?” అని అవ్వ అడిగితే మగ్గం మీది నేతగాడు అవునన్నాడు. ఆమె చీర సంగతే మరిచి ఆ బల్ల ముందు నిలబడిపోయింది.

తర్వాత నాన్న జ్వరంతో మంచం పట్టడంతో పత్తి బండి అవ్వే ఆదోనికి తోలించింది, వెంట నేను. ఆ పత్తి అమ్ముడుపోతేనే ఇంట్లోకి జొన్నలు. దళారీ ఎర్ర తువ్వాలు కప్పి సేటు చేయి అందుకోగానే అవ్వ దాన్ని లాగేసింది.

“మా పత్తి బయటే ఉండాది. మీ సేతులు యాల దాస్తారప్పా? నోటితో సెప్పండి.”

“తాతల కాలం నుంచి ఇదే పద్ధతి అవ్వా. వద్దంటే బండి తోలుకోని పో,” అన్నాడు దళారీ.

తోలుకుని వచ్చేశాం. మార్కెట్టంతా నవ్వింది. జొన్నలు నిండుకుని మేం గంజితో గడుపుతుంటే ముసలిదానికి పొగరంది ఊరు. అవ్వ వాళ్ల గడపలకే వెళ్లి ఎమ్మిగనూరు నల్లబల్ల సంగతి చెప్పి, మనమూ ఒక్కమాట మీద నిలబడదామంది. మరుసటి సంతకు మా బండి వెనక ఊరి బండ్లన్నీ కదిలాయి. దళారీ తువ్వాలు తీస్తే ఒక్కరూ మూట విప్పలేదు. పొద్దు వాలుతుండగా, మిల్లుకు పత్తి కావలసిన సేటే గొంతు సవరించుకుని ధర పైకి చెప్పాడు.

“ఇంగోసారి సెప్పు, మావోళ్లందరికీ ఇనబడాల,” అంది అవ్వ.

ఇప్పుడు అవ్వ లేదు, బండ్లు లేవు, ఆ తువ్వాళ్లూ లేవు. స్టేషన్ నుంచి నేరుగా మార్కెట్‌కు వెళితే, ధర కరెంటు తెర మీద వెలుగుతోంది. ఆ ధర ఎవరు పెట్టారని పక్కనున్న రైతును అడిగాను.

“ఏమో అవ్వా, బయటి దేశాల్లో యాడో పెడతారంట,” అన్నాడతను నా నెరిసిన జుట్టు చూసి.

పుస్తకం సంచిలో పెట్టేసి, ఆ తెర ముందుకు వెళ్లి, మార్కెట్టంతా వినేలా అరిచాను:

“సేతులు బయటికి తియ్యండప్పా!”