చప్పుడు లేని బరువు

మా నాయన ఓబుళేశు రోడ్డు గ్యాంగు మేస్త్రీ. కమలాపురం నుంచి మా ఊరికొచ్చే దారిలో ముప్పై ఏళ్లు గుంతలు పూడ్చాడు. వంక మీది కడప బండల కల్వర్టు ఆయన చేతుల మీదుగా కట్టిందే.

లారీ ఎంత బరువు మోస్తోందో ఆయనకు చెవితోనే తెలిసేది. కల్వర్టుకు ముందున్న మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను మూలిగే తీరు విని, ఎక్కువేసుకొచ్చాడనిపిస్తే చెయ్యెత్తి ఆపేవాడు. కాటాకు పంపి చూస్తే ఆయన మాట తప్పేది కాదు. అందుకే సున్నపురాతి గనికి బ్యాటరీలతో నడిచే కరెంటు టిప్పర్లు వచ్చినప్పుడు, వాటిని ఈ దారిన పోనివ్వచ్చా అని ఇంజనీరు కూడా ఆయననే అడిగాడు.

గనిలో లోడ్లు చూసే వీరేంద్ర మా మేనత్త కొడుకు. పాతవాటికంటే ఇవి బరువా అని నాయన అతన్ని అడిగాడు.

"పొగ లేదు, చప్పుడు లేదు. ఇంగ బరువు యాడుండాది మామా?" అని నవ్వాడు వీరేంద్ర.

టిప్పరు మిట్ట ఎక్కుతుంటే నాయన కళ్లు మూసుకుని విన్నాడు. టైర్ల కింద గులకరాళ్లు నలిగిన శబ్దం తప్ప ఏమీ లేదు. పోనివ్వచ్చని చెప్పాడు. పొగ పీడ వదిలిందని ఊళ్లో ఆడవాళ్లు సంతోషపడ్డారు.

నాలుగు నెలలకు టైర్లు పోయే చోట తారు కాలవల్లా దిగింది. ఆరో నెలలో కల్వర్టు బండ విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పాలబండి, స్కూలు ఆటోలు వేరే దారిన చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. అప్పుడు గని డ్రైవరు దాసన్న వచ్చి అసలు సంగతి చెప్పాడు. బ్యాటరీల వల్ల ఆ టిప్పరు ఖాళీగానే పాతదానికన్నా మూడు టన్నులు ఎక్కువ. దాని మీద మళ్లీ పాత లోడే. నాయన మిట్ట దగ్గర నిలబడి విన్న రోజుకు వారం ముందే దాన్ని కాటా వేయించారు. ఆ చీటీ మీద సంతకం వీరేంద్రది.

"నిన్ను అడిగినా కదప్పా," అన్నాడు నాయన వీరేంద్రతో.

"చెప్పింటే నువ్వు ఒప్పుకుంటాంటివా మామా?"

తప్పంతా మేస్త్రీదేనని ఆఫీసులో కాగితం సిద్ధమైంది. విచారణకు ఆ చీటీ తెచ్చి చూపిస్తానని వీరేంద్ర మా అమ్మ కృష్ణవేణమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడు విచారణలకూ పోయాడు. మూడుసార్లూ గేటు వైపే చూస్తూ కూర్చున్నాడు. అతను రాలేదు. కాగితంలో 'మేస్త్రీ అనుమతితో' అన్న మాట అట్లే ఉండిపోయింది. ఆ తర్వాత ఏ బండి పోయినా నాయన తలెత్తి వినలేదు. ఎండాకాలం రాకముందే పోయాడు.

పాడె ఎత్తే వేళకు వీరేంద్ర వచ్చి భుజం పెట్టబోయాడు. అమ్మ ఏడుపు ఆపి అతని వైపు చూసింది.

"ఆ చీటీ తెచ్చినావా అప్పా?"

అతను తువ్వాలు సర్దుకుని వెనక్కి జరిగాడు. ఆ చోట దాసన్న భుజం పెట్టాడు.

శ్మశానం వంకకు అవతల. కల్వర్టు ఇంకా కట్టలేదు. నాయనను వంకలోకి దించి, ఇసుకలో నడిచి, అవతలి గట్టు ఎక్కించాం.