పిన్ని చేతి మీద నాలుగు ముక్కలు

మా పిన్ని పందొమ్మిదో ఏట రాసిన కథ ఒకటి వారపత్రికలో అచ్చయింది. ఆ పేజీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో చీరల అడుగున దాచుకుంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో రెండో కథ పూర్తి కాలేదు. ఆలోచనలు రాక కాదు. రాకూడని చోట వచ్చేవి.

ఆమె మాత్రల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసేది. బెల్టు మీద మాత్రల స్ట్రిప్పులు వరసగా కదిలిపోతుంటాయి. ఏ గుంతలోనైనా మాత్ర లేకపోయినా, విరిగి ఉన్నా ఆ స్ట్రిప్పు తీసి పక్కనున్న ఎర్ర డబ్బాలో వెయ్యాలి. ఎనిమిది గంటలూ అదే పని. కళ్లు బెల్టుకి అప్పగించేశాక మనసు ఖాళీ. ఆ ఖాళీలోకి కథలు మొదటి వాక్యంతో సహా నడిచొచ్చేవి. కానీ ఆ గదిలోకి కాగితం, పెన్ను తీసుకెళ్లకూడదు. జడపిన్ను కూడా బయటే వదలాలి. తెల్ల గౌను, టోపీ, మాస్కు, గ్లౌజులు, అంతే.

టీ బెల్లు కొట్టేసరికి కథ ఉండేది కాదు.

"ఏదో వచ్చింది, భలేగా ఉంది అన్న సంగతి మాత్రం మిగులుతుందే. అది మరీ నరకం," అనేది నాతో.

చెయ్యని ప్రయత్నం లేదు. ఒక్క మాట పట్టుకుని గంటన్నర లోపల్లోపలే జపం చేసేది. మాట మిగిలేది, దానికి అంటుకున్న కథ రాలిపోయేది. లాకర్ గదిలో 'గొడుగు' అని రాసుకుని ఇంటికొచ్చేది. ఎవరి గొడుగు, దానికేమైంది? రెండు రోజులు ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకునేది. ఒకసారి ఏదో వాక్యం నోట్లో పెట్టుకుని పరుగులాంటి నడకతో వస్తుంటే వీధి మలుపులో మా అమ్మ ఎదురైంది. సొంత అక్క. చేతిలో ఆసుపత్రి రిపోర్టు. పిన్ని ఆమె ముఖం కూడా చూడకుండా దాటుకుని వెళ్లిపోయింది. రిపోర్టులో ఏముందో మర్నాడు అడిగింది.

బెల్టుకి అవతలి పక్క, సరిగ్గా పిన్నికి ఎదురుగా నిలబడే ఆవిడని అందరూ ఎదురక్క అనేవారు. పదకొండేళ్లుగా మాస్కుల మీంచి కళ్లతోనే మాట్లాడుకున్నారు ఇద్దరూ. పిన్ని జ్వరంతో వచ్చిన రోజు ఆమె వైపు స్ట్రిప్పులు కూడా ఎదురక్కే చూసేది. ఎదురక్క భర్త అదే కంపెనీలో లోడింగ్ సెక్షన్. ఎదురక్క అత్తగారు నాలుగేళ్లు మంచాన పడి, ఏడాది కిందట పోయింది.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో ఎదురక్క ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగింది.

"నీకొక్కదానికే చెప్తున్నాను. అత్త పోయిన రోజు చెయ్యి పట్టుకుని చూశాను. చల్లబడిపోయింది. ఎవర్నీ పిలవలేదే. తలుపు దగ్గరకేసి, కింద చాప మీద గంటసేపు నిద్రపోయాను. నాలుగేళ్ల తర్వాత పట్టిన నిద్ర. లేచాక ఆయనకి ఫోన్ చేశాను."

"ఆయనకి తెలుసా?"

"ఆయన పేరే పిలుస్తూ పోయిందని చెప్పాను. ఇప్పటికీ అడుగుతాడు, అమ్మ నన్ను ఎన్నిసార్లు పిలిచిందని. మూడుసార్లు అంటాను."

పిన్ని ఆమె వీపు నిమిరింది. నిమురుతున్నప్పుడే వాక్యాలు కుదిరిపోతున్నాయట. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది.

ఈసారి పోనివ్వదల్చుకోలేదు. అప్పటికి రెండు వారాలుగా మేజోడులో పెన్ను రీఫిల్ పెట్టుకుని లోపలికి తీసుకెళ్తోంది. బాత్రూమ్‌లో గొళ్లెం పెట్టుకుని, ఎడమ ముంజేతి లోపలి వైపు రాసుకుంది. ఇంతలో ఎవరో తలుపు కొట్టారు. కంగారులో రీఫిల్‌ని గ్లౌజులోకి దోపేసి బెల్టు దగ్గరికి వచ్చింది. విరిగిన మాత్ర ఒకటి కనిపించి చెయ్యి చాపగానే రీఫిల్ జారి స్ట్రిప్పుల మీద పడింది.

మొదట చూసింది ఎదురక్కే. చప్పున అరచెయ్యి కప్పేసి పక్కకి లాగబోయింది. వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ ఆ చేతిని పట్టుకున్నాడు. బెల్టు ఆపించాడు.

"ఎవరిది?"

రెండోసారి అడిగాక పిన్ని నాదేనంది.

"గ్లౌజు తియ్యి. చెయ్యి పైకెత్తు."

గౌను చెయ్యి జారి అక్షరాలు బయటపడ్డాయి. నలభైమంది చూస్తుండగా పిన్ని చేతిని లైటు కిందికి లాగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"అత్త పోయింది. కోడలు ఎవర్నీ పిలవలేదు. పక్కనే గంటసేపు పడుకుంది. నాలుగేళ్ల నిద్ర." చెయ్యి వదలకుండానే అడిగాడు. "ఎవరమ్మా ఈ కోడలు?"

"ఎవరూ కాదు సార్. కథ."

"మనిషి లేకుండా కథేంటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత నవ్వు ఆగిపోయింది. నాలుగేళ్లు ఎవరి అత్త మంచాన ఉందో ఆ గదిలో తెలియనిదెవరికి? తలలు ఒక్కొక్కటే అటు తిరిగాయి. ఎదురక్క ఆగిపోయిన బెల్టు వైపే చూస్తూ నిలబడింది. సూపర్‌వైజర్ స్పిరిట్, దూది తెప్పించి, అక్షరాలు పోయేదాకా చెయ్యి రుద్దించాడు. చర్మం కందిపోయింది. మూడో రోజు పిన్నిని పనిలోంచి తీసేశారు.

చేతి మీది మాటలు మాత్రం చదివిన రోజు సాయంత్రానికే లోడింగ్ సెక్షన్‌కి చేరాయి.

నెలరోజుల తర్వాత పిన్ని ఎదురక్క ఇంటికి వెళ్లింది. మూడో అంతస్తు. తలుపు తీసిన మనిషి గడప మీదే నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"క్షమించమని అడగడానికి వచ్చానక్కా."

"గంట ముందు పిలిచుంటే బతికేదేమో అంటున్నారు ఆడపడుచులు. చెయ్యి చల్లబడిందని నేనంటే ఎవరు నమ్ముతారు? మూడుసార్లు పిలిచిందన్న నోరే కదా ఇది."

"ఆయనేమంటున్నాడు?"

"ఏమీ అనడు. రాత్రి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, నేను నిద్రపోతున్నానేమోనని చూస్తూ. అందుకని కళ్లు మూయడం లేదు."

పిన్నికి ఏడుపొచ్చింది. అది అబద్ధం కాదు. వస్తానక్కా అని మెట్లు దిగింది. మొదటి అంతస్తుకి వచ్చేసరికి ఆ చివరి మాటలు వరస తప్పుతున్నట్టు అనిపించింది. ఇదీ పోతుందేమోనని అక్కడే మెట్టు మీద కూలబడి, సంచీలోంచి పెన్ను తీసి, మందుల చీటీ వెనక రాయడం మొదలుపెట్టింది.

పైన చప్పుడైతే తలెత్తింది. ఎదురక్క రెయిలింగ్ మీదికి వంగి చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"రాసుకున్నావా?" అంది ఎదురక్క. గొంతులో కోపం లేదు. "ఏమైనా మర్చిపోతే అడుగు, మళ్లీ చెప్తాను."

అప్పుడు పిన్ని అడిగింది. నిజంగానే అడిగింది.

"కళ్లు మూయడం లేదు అన్నావా అక్కా, మూసుకోవడం లేదు అన్నావా?"

"మూయడం లేదు," అని చెప్పి, ఎదురక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇదంతా నాకు చెబుతున్నప్పుడు పిన్ని తల దించుకుంటుందేమోనని చూశాను. దించుకోలేదు. "ఆ మాట అంత సూటిగా నేను పుట్టించలేనే," అంది.

కథ అదే వారపత్రికలో వచ్చింది. బాగుంది. బాగా లేదని చెప్పాలని రెండుసార్లు చదివాను, చెప్పలేకపోయాను. లోడింగ్ సెక్షన్‌లో ఎవరో ఆ పేజీ చించి ఎదురక్క భర్త చేతిలో పెట్టారట. ఆ వారమే ఆమె బట్టలు సర్దుకుని తమ్ముడి ఇంటికి వెళ్లిపోయిందని పాత ప్యాకింగ్ వాళ్లు చెప్పారు.

పిన్ని ఇప్పుడు ఒక జెరాక్స్ షాపులో కూర్చుంటోంది. మొన్న నేను వెళితే, కౌంటర్ మీద కాగితాలు సర్దుతూ, ఎదురక్క తమ్ముడి ఇల్లెక్కడో కనుక్కోగలవా అని అడిగింది. నేను కనుక్కోలేదు.