బావగారు తెచ్చిన నీలం డ్రమ్ము

మా ఇంట్లో చిన్నకోడలు బావగారితో ఎదురుగా మాట్లాడదు. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెబుతుంది. నేను పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. చిక్కేమిటంటే, మా అత్త ఎవరి మాటనూ ఉన్నదున్నట్టు మోయదు. కారం తీసేసి, కాస్త బెల్లం కలిపి అప్పజెబుతుంది.

రాజపాళయంలో కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో కుళాయికే తెలియదు. వచ్చినప్పుడు పట్టి పెట్టుకోవాల్సిందే. బావగారు నూలు మూటలు వేసుకుని తూత్తుకుడి హార్బరుకు లారీ తోలుతారు. పోయిన వేసవిలో తిరిగి వస్తూ ఒక పెద్ద నీలం డ్రమ్ము తెచ్చి వాకిట్లో దించారు. "జూస్ ఎసెన్స్ వచ్చిన డ్రమ్ము. కడిగేసినా," అని వాళ్ళమ్మతో అన్నారు.

నాకు అప్పుడే అనుమానం తగులుకుంది. డ్రమ్ము మీది స్టిక్కర్‌ను ఎవరో గోకేశారు. అదీ హడావిడిగా. ఎర్ర గీతల డైమండు గుర్తు సగం, దాని కింద కొన్ని ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి. నేను సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ చేసే చోట పని చేస్తాను. అక్కడ బ్లీచింగ్ షెడ్డులో మమ్మల్ని దగ్గరకు రానివ్వని క్యాన్ల మీద కూడా ఇలాంటి గుర్తే ఉంటుంది. జూస్‌కు ఆ గుర్తెందుకు? మూత దగ్గర వేలు పెడితే జిగటగా తగిలింది. సెల్లులో ఫొటో తీసుకున్నాను. నా మొగుడికి చూపిస్తే, "నీకు పాల మీద కూడా అనుమానమే," అని చొక్కా తొడుక్కుని పోయాడు.

ఇక అత్తే దిక్కు. "అత్తా, ఇది ఏదో మందు డ్రమ్ము. దీంట్లో తాగే నీళ్ళు పట్టద్దని బావకు చెప్పు," అన్నాను.

అత్త కొడుకు దగ్గరకెళ్ళి, నాకు వినబడేలాగే, "డ్రమ్ము పెద్దదిగా ఉందంట. ఇంకొకతూరి కడిగి పెట్టమనింది," అంది. ఆయన పైపైన రెండు చెంబులు పోసి కడిగారు. కడిగినంతసేపూ నేను తలుపు సందులోంచి ఆయన ముఖమే చూశాను. దొంగ ముఖమా కాదా తేలలేదు.

మరునాడు పొద్దున్నే కుళాయి వచ్చింది, డ్రమ్ము నిండింది. నాకు ఒళ్ళు మండింది. నా కుండకు నీళ్ళు విడిగా పట్టుకుని పనికి పోయాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి బావగారు డ్రమ్ములో చెంబు ముంచి నోటిదాకా ఎత్తారు. మర్యాదా గిర్యాదా ఏదీ గుర్తుకు రాలేదు.

"బావా, తాగద్దు. అది విషం," అన్నాను. ఆయనతో నేనన్న మొదటి మాట అదే.

ఆయన చెంబు దించి వాళ్ళమ్మ వైపు చూశారు. అత్త తిన్నె మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నేను పొద్దున్నించి అదే కదరా తాగినా," అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. "తియ్యగా ఉండె. మంచి నీళ్ళే."

మా వీధి బోరు నీళ్ళు వట్టి ఉప్పు. తియ్యగా ఉన్నవి మంచినీళ్ళేనని మేమందరం చిన్నప్పటి నుంచి నమ్మినవాళ్ళమే.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు నా ఫొటో పెద్దది చేసి చూశారు. పాలిస్టర్ నూలుకూ ప్లాస్టిక్ సీసాలకూ వాడే గ్లైకాల్ అన్నారు. తియ్యగానే ఉంటుందట, కిడ్నీలను తినేస్తుందట. డ్రమ్ము అడుగున అది చాలానే మిగిలిపోయి ఉండాలన్నారు. డయాలిసిస్ పెట్టి అత్తను దక్కించారు.

ఆ రోజు డాక్టరు ఇంకో మాట అడిగారు. ఈ స్టిక్కర్ గోకింది ఎవరు, అమ్మినవాడా?

"నాన్‌దాన్ సార్," అన్నారు బావగారు అరవంలో, తల ఎత్తకుండా. తనేనట. అమ్మినవాడు జూస్ డ్రమ్మంటే తను నమ్మారట. ఆ ఎర్ర గుర్తు చూస్తే ఇంట్లో తమ్ముడి పెండ్లాం లేనిపోని అనుమానం పడుతుందని దారిలో లారీ ఆపి గోకేశారట.

డాక్టరు, నర్సు, నా మొగుడు, అందరూ తిరిగి చూసింది నన్ను.