పన్నెండో వారం

మైదాపిండి ఉడికే వాసన నాకెప్పుడూ వంటింటి వాసనలా అనిపించలేదు. అందులో చిటికెడు మైలుతుత్తం పడి, తెల్లటి జిగురు లేత నీలానికి తిరిగితే చాలు, గురజాల బజారులో ఒక ఇరుకు గదీ, దాని గుమ్మంలో కాళ్లు బారజాపుకుని కూర్చున్న మస్తాను తాతా కళ్ల ముందుకొస్తారు. నిన్న సాయంత్రం పాత గిన్నెలో ఆ జిగురు కలుపుతుంటే మనవరాలు వచ్చి హల్వానా అని అడిగింది. పురుగులు తినకుండా మందు కలిపాను, నువ్వూ తినకూడదని దాన్ని దూరంగా కూర్చోబెట్టాను. బల్ల మీద వీపు ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. రేపది మా ఇంట్లోంచి వెళ్లిపోవాలి. ఆలోగా దాన్ని బాగుచేయాలి.

మస్తాను తాత పుస్తకాలు బైండు చేసేవాడు. ఎనభైల్లో మా పల్లెల్లో నవల కొనుక్కునే ఇళ్లు తక్కువ. వారపత్రికలో సీరియల్ వస్తుంటే ఆడవాళ్లు వారం వారం ఆ కాగితాలు జాగ్రత్తగా చింపి, పరుపు కింద దాచి, కథ అయిపోయాక బైండింగుకు పంపేవారు. కాగితం వెనక ఉన్న సగం వంకాయ కూరా, సగం వారఫలాలూ కూడా కథతో పాటు కుట్టుకుపోయేవి. తాత అసలు జీవనం కోర్టు పనే. వకీళ్ల గుమాస్తాలు తెచ్చే కాగితాలన్నీ ఆయనే కట్టలుగా కుట్టేవాడు. ప్రాణం మాత్రం సీరియళ్ల మీదే. చదివింది ఐదో తరగతే అయినా, చేతికొచ్చిన కథను మొదటినుంచి చివరిదాకా చదివితే గానీ దబ్బనం పట్టేవాడు కాదు. ఆలస్యమవుతోందని ఎవరైనా విసుక్కుంటే, చదవకుండా కుడితే అది కట్ట అవుతుంది గానీ పుస్తకం కాదనేవాడు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. మా ఊరినుంచి బస్సులో గురజాల హైస్కూలుకు వెళ్లేదాన్ని. సాయంత్రం బస్సు వచ్చేదాకా తాత గదే నా మకాం. కాగితాలు వరసలో ఉన్నాయో లేదో చూసే పని నాకిచ్చి, మధ్య మధ్యలో కథ గురించి అడిగేవాడు. ఫలానా పిల్ల అలా చేసింది కదా, నువ్వైతే ఏం చేస్తావని. మా ఇంట్లో నన్ను మార్కులెన్ని అని అడిగేవాళ్లు, అన్నం తిన్నావా అని అడిగేవాళ్లు. నువ్వైతే ఏం చేస్తావని అడిగిన మొదటి మనిషి ఆయనే. జవాబు చెప్పడం కోసం నాకొక అభిప్రాయం ఉండాలని అప్పుడే తెలిసింది. ఆ సంతోషంలో ఒక్కోసారి బస్సు కూడా తప్పిపోయేది.

నాకప్పటికి పుష్కలంగా ఉన్నది ఒకే ఒక్క అభిప్రాయం. మా పార్టీ మంచిది, అవతలి పార్టీ చెడ్డది. పంచాయతీ ఎన్నికల తరవాత మా ఊరు నిలువునా చీలింది. టీకొట్లు రెండు, మంగలి కుర్చీలు రెండు, పైగా మా నాన్నకూ అవతలివాళ్లకూ గురజాల కోర్టులో ఎన్నికల కేసు. అమ్మా, సామ్రాజ్యం పిన్నీ ఒకే ఊరి ఆడపడుచులు, ఒకే ఏడాది మా ఊరికి కోడళ్లుగా వచ్చినవాళ్లు. కూరగిన్నె పంచుకోకుండా పూట గడవని ఆ ఇద్దరూ ఎన్నికలయ్యాక మాటలు మానేశారు. మానేశారనడం కన్నా మగవాళ్లు మాన్పించారనడం సబబు. పిన్ని కూతురు నాగమణిదీ నాదీ ఒకే క్లాసు, ఒకే బస్సు. పెద్దవాళ్లను మించి మేం మొహాలు తిప్పుకునేవాళ్లం. ఒకరోజు నేను మా పార్టీ అంటూ ఏదో చెప్పబోతే తాత కళ్లజోడు పైకి నెట్టి చూశాడు.

"మీ పార్టీ ఏందమ్మాయ్? నీకు ఓటుందా?"

ఆ రోజంతా ఆయన మీద కోపంగానే ఉన్నాను.

ఆ ఏడాది ఆడవాళ్లందరినీ ఊపేసిన సీరియల్ ఒకటి ఉండేది. కథలో కల్యాణి అనే అమ్మాయికి దూరపు ఊళ్లో టీచరు ఉద్యోగం వస్తుంది. ఇంట్లో అందరూ వద్దంటారు. పదకొండో వారం చివర ఆమె ట్రంకుపెట్టె పట్టుకుని స్టేషన్‌లో నిలబడి ఉంటుంది, రైలు కూస్తుంది. పన్నెండో వారం పత్రికను మా నాన్న చదవకుండానే విసనకర్రలా మడిచి పార్టీ మీటింగుకు పట్టుకెళ్లి అక్కడే మర్చిపోయాడు. తరవాతి వారాల్లో కల్యాణి టీచరుగానే ఉంది గానీ, ఆ రోజు ఎలా తెగించిందో, ఎవరు పంపారో అమ్మకు తెలియలేదు. మా ఊరి పక్కనుంచి మాచర్ల రైలు కూతవేసుకుంటూ పోయినప్పుడల్లా పని ఆపి అటే చూసేది. రెండడుగుల దూరంలో పిన్ని ఇంట్లో ఆ వారం ఉంటుంది. అడగడానికి నోరు లేదు.

కథ ముగిశాక అమ్మ తన కాగితాలు నాతో పంపింది. పది రోజులకు తాత నా చేతిలో పుస్తకం పెట్టి, ఇంటికెళ్లేదాకా విప్పొద్దన్నాడు. అమ్మ విప్పింది. పన్నెండో వారం ఉంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా కదలకుండా, నిలబడే చదివింది. అట్ట మీద తాత గుండ్రటి అక్షరాలతో రెండు పేర్లున్నాయి: ఆదిలక్ష్మి, సామ్రాజ్యం. కింద, ఆరు నెలలు ఒకరు, ఆరు నెలలు ఒకరు. నాగమణి కూడా వాళ్లమ్మ కాగితాలు ఆయనకే ఇచ్చిందట. మా దాంట్లో పన్నెండో వారం లేదు, వాళ్ల దాంట్లో ఆఖరి వారం లేదు. కుంటివి రెండూ కలిపి తాత ఒక నిండు పుస్తకం చేశాడు.

పొలంనుంచి వచ్చిన నాన్న ఆ రెండు పేర్లూ చూశాడు. మర్నాడు పుస్తకాన్నీ నన్నూ వెంటబెట్టుకుని గురజాల బయల్దేరాడు. ఆ పుస్తకం ముక్కలైతే అమ్మకు పిన్ని గడప తొక్కే దారి ఇక లేదని నాకు తెలుసు.

"సాయిబూ, మా కాగితాలు మాకు కోసియ్యి. వాళ్ల పేరు పక్కన మా పేరుండటానికి వీల్లేదు" అన్నాడు నాన్న.

తాత కత్తి తీసి పుస్తకం మీద పెట్టాడు. "కోస్తా అబ్బాయ్. కోస్తే మీ ఇంట్లో స్టేషనుంటది, వాళ్లింట్లో రైలుంటది. ఆ పిల్ల మాత్రం ఎవురింట్లోనూ ఉండదు."

తరవాత వెనక్కి తిరిగి అరలోంచి ఒక కట్ట దించాడు. అది మా ఊరి ఎన్నికల కేసు కట్ట. "నువ్వు వాళ్ల మీద రాసిందీ, వాళ్లు నీ మీద రాసిందీ ఒకే దారంతో కుట్టింది నేనే. అప్పుడు మీరెవురూ వద్దనలా. తిట్లయితే కలిపి కుట్టొచ్చు గానీ కథ కుట్టకూడదా?"

నాన్న ఆ కట్టకేసి చూశాడు. పుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. రెండు ఊళ్లు దాటాక మెల్లగా నా వైపు వంగాడు.

"ఇంతకీ ఆ పిల్ల రైలెట్టా ఎక్కిందే?"

అమ్మ నాకు చెప్పలేదన్నాను. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. మా ఊరు వచ్చింది, వెళ్లిపోయింది. నేను పిలిచినా ఆయనకు వినబడలేదు. తరవాతి ఊళ్లో దిగి, ఎర్రటి ఎండలో వెనక్కి నడుస్తూ, "చానా బాగా రాశాడే. వాళ్ల నాన్నే పెట్టె అందించి ఎక్కించాడు" అన్నాడు. ఆ పని తనే చేసినంత గర్వంగా చెప్పాడు.

ఆరు నెలలకు అమ్మ పుస్తకాన్ని తనే పట్టుకెళ్లింది. నాన్న వెళ్లమనలేదు, వద్దనలేదు, చొక్కా వేసుకుని టీకొట్టుకు తప్పుకున్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి, ఏళ్ల తరవాత మొదటి మాటగా, "ఏమే ఆదీ, ఆఖరికి ఏమైందే? ఆ వారం మా దూడ మేసిందే" అంది. ఇద్దరూ నవ్వి నవ్వి ఏడ్చారు. నాగమణీ నేనూ ఏం చేయాలో తెలియక ఒకే మంచం మీద కూర్చున్నాం. పార్టీలు పోలేదు, కేసూ పోలేదు. కూరగిన్నెలు మాత్రం మళ్లీ తిరిగాయి.

పదో తరగతి అయ్యాక నరసరావుపేట కాలేజీకి పంపడమేమిటని మా బంధువులు గొడవ చేశారు. నాన్న స్టేషన్‌లో రైలు ఆగగానే ట్రంకుపెట్టె నాకందించి, "ఎక్కు" అన్నాడు. ఆ ఒక్క మాట వెనక ఏ వారం ఉందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తరవాత ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. ఇద్దరు కొట్టుకుని నా దగ్గరకొస్తే, తప్పెవరిదని అడగడం ఎప్పుడూ చేతకాలేదు. ఒకరి దగ్గర లేని వారం రెండోవాళ్ల దగ్గర ఉంటుందనే నా నమ్మకం.

అమ్మా, పిన్నీ ఇప్పుడు లేరు. వంతు నాదీ నాగమణిదీ. జిగురు చల్లారుతుండగా ఫోన్ చేసి, "ఏమే, రేపొస్తన్నావా లేదా?" అని దబాయించింది. వస్తున్నానన్నాను. అట్ట మీద వెలిసిపోయిన రెండు పేర్లూ దిద్దాను. వాటి కింద తాత పేరు కూడా రాద్దామని కలం పెట్టి ఆగిపోయాను. ఆయన ఏ పుస్తకం మీదా తన పేరు రాసుకోలేదు. అందుకని ఊడిన వీపు లోపల, సరిగ్గా కుట్టు మీద, మస్తాను తాత అని చిన్నగా రాసి, పైన జిగురు పూసి, గుడ్డ అంటించి మూసేశాను.