ఆరో తీగ

దేవదాసు పంతులు పాట నేర్పేటప్పుడు గిటారును గోడకు ఆనించి దాని మీద తువ్వాల కప్పేవాడు. నేర్చుకునేవాళ్ళ చూపు అటు పోకూడదని. పాటంతా గొంతులోకి వచ్చాకే తువ్వాల తీసేవాడు. ఒక్క చరణంలో ఊపిరి తప్పినా ఆ సాయంత్రం తువ్వాల కదిలేది కాదు.

సూర్యాపేటలో చర్చి వెనక ఒంటి గది ఆయన ఇల్లు. పొద్దున మిషను బడిలో పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. సాయంత్రం వచ్చినవాళ్ళకు పాట. గిటారు ఒక తెల్ల దొరసాని యుద్ధకాలంలో తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చింది. ఆమె దగ్గర వేళ్ళ పట్టు నేర్చుకున్నాడు గాని ఆమె పాటలు ఆయనకు అంటలేదు. నాట్లేసే ఆడవాళ్ళ వరసలకు తీగలు సరిచేసుకున్నాడు. అందుకే ఆయన కట్టిన కీర్తన పల్లెల్లో ఎవరికీ కొత్తగా వినిపించేది కాదు. "మా అవ్వ గిట్లనే పాడేది" అనేవాళ్ళు.

బాలమ్మ ఆయన దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. ఆమెది పెన్‌పహాడ్ బాట మీది పల్లె. మొగుడు గత్తర రోగంలో పోయాడు. అత్త యాదమ్మ, మరిది కిష్ట్యా ఉన్న ఇంట్లోనే ఉంటూ కూలికి పోయేది. పని దిగాక కలుపు మట్టి చేతులతోనే సూర్యాపేట నడిచేది. కొంగులో పంతులికి ఇంత గోంగూర.

కమ్యూనిస్టు సంఘంవాళ్ళకు జడిసి పారిపోయిన ఊళ్ళ దొరలు, నిజాం మీద పోలీసు చర్య తర్వాత మిలట్రీ వెనకాలే తిరిగి వచ్చారు. వాళ్ళ ఊరి దొర కోటలాంటి తన గడిలో పనికి ఆడమనిషి కావాలన్నాడు. కిష్ట్యా వదినను పంపుతానని తల ఊపి వచ్చాడు. గడిలోకి పనికి పోయిన ఆడమనిషి మళ్ళీ తన ఇష్టాన బయటికి రావడం బాలమ్మ చూడలేదు.

"పాటకు కూడు పుడతదానె?" అంది యాదమ్మ. "గడిల అయితే మూడు పూటలా తింటవ్."

"తిననీకి నోరుంటది అత్తా. పాడనీకి ఉండదు."

"అబ్బో, పాడకుంటె లోకం ఆగుతది!"

ఆమెకు మిగిలిన దారి కోదాడ. అక్కడ ఊళ్ళు తిరిగి పాడుతూ బైబిలు వాక్యం చెప్పే స్త్రీ ముసలిదై మానుకుంది. ఆ చోటుకు ఒక మనిషిని పంపమని కోదాడ చర్చి పెద్దలు దేవదాసుకు కబురు చేశారు. పాట రావాలి, వాయిద్యం రావాలి. ఆ పని దొరికితే ఉండడానికి ఒక గది, దానికి లోపలి నుంచి గడియ. ఆదివారం ఆరాధన కాగానే పాడించి చూస్తామన్నారు.

ఆ ఆదివారం ఇంకా కొంత దూరం ఉండగానే గిటారు సన్న తీగ ఎండకు తెగింది. లావు తీగ నుంచి లెక్కపెట్టి దాన్ని ఆరో తీగ అనేవాడు దేవదాసు.

"బెజవాడకు చెప్పిపంపిన. ఎన్నడొస్తదో ఏమో. అయిదింటితోనే పాడు."

"కోదాడ పెద్దలు నవ్వరా, పంతులయ్యా?"

"నవ్వనియ్యి. నీ గొంతుల తీగలున్నయా?"

ఆయన మాట ఆమె నమ్మలేదు. పెద్దలు వాయిద్యం అడిగారు. ఒక పన్ను ఊడిన నోటిలా ఉంది గిటారు.

మిలట్రీ వచ్చినప్పటి నుంచి బాట పక్కన నల్లని టెలిఫోను తీగ నేల మీదే పరిచి ఉండేది. సంఘంవాళ్ళు కోసేవాళ్ళు. మిలట్రీవాళ్ళు మళ్ళీ పరిచేవాళ్ళు. ఒక పొద్దున కంచె కింద బాలమ్మకు దాని ముక్క ఒకటి కనిపించింది. బారెడు ఉంటుంది. చేనులోకి పోయి కొడవలితో పైతోలు చీరింది. లోపల మెలేసిన సన్న పోగులు, కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి. ఒక కొస పంటి కింద పెట్టి, రెండో కొస చేత్తో బిగలాగి గోటితో మీటింది. ఎర్రది మూగది. తెల్లది మోగింది. ఆ మోత తలలోకి దిగాక ఆమె ఇంకేమీ ఆలోచించలేదు.

"యాడిదే గిది?" అన్నాడు దేవదాసు.

"సైకిల్ షాపుల ఇచ్చిండ్రు."

ఆయన తడిగుడ్డతో పోగును దువ్వాడు. "మెలి పోతలేదు" అన్నాడు. అయినా తన చేత్తోనే కట్టి, సరిచేసి మీటాడు. కొంచెం గొరగొరలాడింది గాని పలికింది. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి బాలమ్మ తల వంచుకుంది.

మిలట్రీవాళ్ళు పల్లె మీదికి వచ్చింది శుక్రవారం. కోసిన తీగ కోసం ఇల్లిల్లూ వెతికారు. మల్సూర్ అనే మేకలకాపరి దొడ్డి తడికెకు నల్ల తీగ ముక్క కట్టి ఉంది. అతన్ని లారీ ఎక్కించారు. భార్య సీతాబాయి లారీ వెంట పరుగెత్తింది. "తడికె పడుతదని కట్టిండు సాబ్! తడికెకే సాబ్!" లారీ మిర్యాలగూడ మిలట్రీ క్యాంపు బాట పట్టింది. అక్కడికి పోయినవాళ్ళ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

బాలమ్మ మిగిలిన పోగుల్నీ పైతోలునూ పొయ్యిలో వేసింది. తోలు కాలిన కంపు కొట్టింది. పోగులు కాలలేదు. వాటిని బూడిదతో సహా పెంటలో పూడ్చి సూర్యాపేటకు నడిచింది. దేవదాసు గదికి తాళం. ఆత్మకూరులో పెళ్ళి ప్రార్థనకు గిటారు తీసుకుని పోయాడనీ, ఆదివారం పొద్దున నేరుగా బస్సు దగ్గరికే వస్తాడనీ పక్కింటావిడ చెప్పింది.

ఆదివారం బస్సు కిక్కిరిసి ఉంది.

"గిటారు నాకియ్యుండ్రి పంతులయ్యా, నేను పట్టుకుంట."

ఇచ్చాడు. ఆమె తల వంచి ఆరో తీగ మర తిప్పింది. తీగ బిగుసుకుంది. ఇంకా తిప్పింది. తెగాలి. తెగలేదు. ఇనుము.

"ఏం చేస్తున్నవ్? శ్రుతి చెడగొడతవా?" అన్నాడు దేవదాసు.

బస్సులో అందరి చెవులూ ఉన్నాయి. ఆమె మునగాల దాటేదాకా ఆగింది. అప్పుడు ఆయన భుజం దగ్గరికి వంగింది.

"ఆ తీగ సైకిల్ షాపుది కాదు. మిలట్రీది."

ఆయన గిటారు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సు ఆగింది. ముందు అడ్డంగా కట్టెలు, పక్కన డేరా.

అందరినీ దింపారు. మూటలు విప్పించారు. మిలట్రీవాళ్ళ మాట తెలుగులో చెప్పడానికి బెజవాడ వైపు పోలీసు ఒకడు ఉన్నాడు. గిటారును వేలితో కొట్టి చూశాడు.

"ఇందులో తుపాకీ ఏమైనా దాచావా, పంతులూ?"

"తుపాకి పట్టే పొట్టనా అయ్యా దానిది?"

జనం నవ్వారు. పోలీసూ నవ్వాడు. టెలిఫోను తీగల పని చూసే జవాను మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి ఆరో తీగ మెలిని గోటితో తడిమాడు. డేరాలోకి పోయి నల్ల తీగ చుట్ట తెచ్చి, కొస చీరి, ఒక తెల్ల పోగును దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకటే.

"ఎవరు కట్టారయ్యా ఇది?" అన్నాడు పోలీసు.

"కట్టింది నేనే."

"ఎక్కడిది?"

దేవదాసు మాట్లాడలేదు. ఒక్క అబద్ధానికి పిల్లల చేత గోడకుర్చీ వేయించే మనిషి. సైకిల్ షాపు అనలేడు. బాలమ్మ పేరూ అనలేడు.

"నోరు పడిపోయిందా? పాటలు నేర్పుతావంటగా!"

"పాట అడుగుండ్రి, చెప్త."

ఆయన్ను డేరా పక్కన కూర్చోబెట్టారు. అధికారి వచ్చాక మిర్యాలగూడ పంపుతారని పోలీసు చెప్పాడు. మిగతావాళ్ళు బస్సెక్కారు.

"నువ్వు పో బిడ్డా" అన్నాడు దేవదాసు. "గిటారు లేకున్నా పాడు. గొంతున్నది గద."

బాలమ్మ బస్సు మెట్టు మీద కాలు పెట్టింది. కోదాడ ఇంక ఎంతో దూరం లేదు. లోపలి నుంచి గడియ ఉన్న గది. ఇటు చూస్తే డేరా. కట్టింది నేనే అన్నవాడు ఆపైన ఒక్క మాట చెప్పడు. తడికెకే సాబ్ అని అరవడానికి మల్సూర్‌కు పెళ్ళామైనా ఉంది.

"ఎక్కుతున్నవా లేదా తల్లీ?" అన్నాడు కండక్టరు. "నీ కోసం బస్సుకు వేర్లు పుడతయా?"

ఆమె కాలు దించింది. బస్సు పోయింది. దుమ్ము అణిగింది.

"పొమ్మంటే ఇనవేందే!" దేవదాసు లేవబోయాడు. జవాను ఆయన భుజం నొక్కాడు.

"తెచ్చింది నేను" అంది బాలమ్మ పోలీసుతో. "కంచె కింద దొరికింది. పంతులయ్యకు అబద్ధం చెప్పిన."

"కోసిందెవరు?"

"నాకెర్క లేదు."

"పేరు చెప్పకపోతే ఇద్దరూ పోతారు."

"లేని పేరు ఎట్ల చెప్పాలె అయ్యా?"

ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఇద్దరూ ఎడంగా కూర్చున్నారు. మాట్లాడుకోనివ్వలేదు. కోదాడలో ఆరాధన అయిపోయే వేళ అయింది. ఆ తర్వాత పాడించి చూసే వేళా దాటింది. నీడ ఇటు తిరిగాక జీపు వచ్చింది.

అధికారి కుర్చీలో కూర్చుని పోలీసు చెప్పిందంతా విన్నాడు. నమ్మినట్టు లేదు. జవాను చేతిలోని పోగుల్ని తీసుకుని ఎర్రవీ తెల్లవీ కలిపి బాలమ్మ చేతిలో పెట్టించాడు.

"గిటారుకు పలికే పోగు ఎలా ఏరావో చూపించమంటున్నారు" అన్నాడు పోలీసు.

బాలమ్మ ఒక పోగు కొస పంటి కింద పెట్టి, బిగలాగి, గోటితో మీటింది. పడేసింది. ఇంకొకటి. పడేసింది. మూడోది మోగింది. ఆమె దాన్ని మళ్ళీ మీటి, చెవి వంచి, ఇంకొంచెం బిగించింది. ఎవరు చూస్తున్నారో కాసేపు మరిచిపోయింది.

అధికారి ఆ చేయినే చూశాడు. తర్వాత జవానుతో రెండు మాటలు అన్నాడు. జవాను గిటారు మీది ఆరో తీగ విప్పి, వేలికి చుట్టి, జేబులో వేసుకున్నాడు.

"పొండి" అన్నాడు పోలీసు. "ఇంకోసారి నేల మీద తీగ కనబడితే దాటి పోండి."

బాలమ్మ కదల్లేదు. "మా పల్లె మల్సూర్ గూడ గిట్లనే అయ్యా. తడికెకు కట్టిండు. జర సాబ్‌కు చెప్పుండ్రి."

పోలీసు చెప్పాడో లేదో. అధికారి అప్పటికే జీపు వైపు తిరిగాడు.

వాళ్ళు కోదాడ చేరేసరికి చర్చి తలుపులు మూసి ఉన్నాయి. ఊర్మిళ అనే ఆమెను కుదుర్చుకున్నామని పెద్దల్లో ఒకాయన ఇంటి గడప మీది నుంచే చెప్పాడు. దేవదాసు సంగతంతా చెప్పబోయాడు. బాలమ్మ ఆయన కండువా కొస పట్టి లాగింది.

తిరిగి వచ్చే బాటలో ఆయన ఆమెకు ముందుగా నడిచాడు.

"నాకే అబద్ధం చెప్పినవ్" అన్నాడు చివరికి.

"చెప్పిన."

"రెండో చరణంల ఊపిరి ఇంకా తప్పుతున్నవ్."

ఆమె పల్లెకు పోలేదు, సూర్యాపేటలోనే ఆగింది. కిష్ట్యా వచ్చి చర్చి ముందు అరిచి పోయాడు. బడి పిల్లలకు వండే ఆమె కాన్పుకు పోయి తిరిగి రాలేదు గనక ఆ పొయ్యి బాలమ్మకు దొరికింది. రాత్రి పడక ఆ వంటగదిలోనే. లోపలి గడియ లేదు. రుబ్బురోలు అడ్డం దొర్లించుకునేది. సెలవు రోజుల్లో అయిదు తీగల గిటారు చంకన పెట్టుకుని ఆత్మకూరు వైపు పల్లెలకు పోయి పాడేది. ఎవరూ నియమించలేదు. పోయిన చోట అన్నం పెట్టేవాళ్ళు. సీతాబాయి కనబడితే అడిగేది. మల్సూర్ ఇంకా రాలేదు.

వానలు పడ్డాక బెజవాడ నుంచి తీగ వచ్చింది. దేవదాసు కాగితం విప్పి దాన్ని ఆమె ముందు పెట్టాడు.

"యాడిదే గిది?"

"బెజవాడది. మీరే తెప్పిచ్చిండ్రు."

"అట్లయితే నువ్వే కట్టు."

ఆమె కట్టింది. మర తిప్పి, చెవి వంచి, సరిచేసింది. మీటబోయేసరికి ఆయన గిటారు అందుకుని గోడకు ఆనించాడు. తువ్వాల కప్పాడు.

"రెండో చరణం" అన్నాడు.